మూడో కిటికీ దగ్గర దస్తీ

ఛత్రినాక,
సెప్టెంబరు 12

చిరంజీవి ప్రీతికి అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, పైవాటాలో పాల నీలమ్మా, పెరట్లో ఆమె బర్రెలూ క్షేమం. ఒకే ఊళ్ళో మలక్‌పేటకూ ఛత్రినాకకూ మధ్య ఉత్తరమేమిటని మీ ఆయన నందు నవ్వుతాడు. నవ్వనీ. ఫోన్‌లో చెప్పింది ఫోన్ పెట్టేయగానే అయిపోతుంది. కాగితం మీద రాసింది ఉంటుంది.

మీ ఆఫీసువాళ్ళు నీ పని మెచ్చి, మీ ఇద్దరికీ వారం రోజులు వియన్నా చూపిస్తున్నారట, ఐదు నక్షత్రాల హోటల్లో. నక్షత్రాల సంగతి నాకు తెలియదు, వియన్నా సంగతి తెలుసు. 1983లో మీ తాత ఆగయ్యగారిని కంచన్‌బాగ్ ఫ్యాక్టరీవాళ్ళు కొలిమి పని నేర్చుకు రమ్మని ఆరు నెలలు అక్కడికి పంపారు. వారానికి ఒకటి చొప్పున ఇరవై ఐదు ఉత్తరాలు రాశారు. ఒక్కటీ పోలేదు. ఇనుప తీగకు గుచ్చినవి గుచ్చినట్టే బీరువా పక్కన వేలాడుతున్నాయి. ఆయన పోయి పదకొండేళ్ళయినా తీగకు తుప్పు పట్టనివ్వలేదు. కాబట్టి మీకు గైడు అక్కర్లేదు. నేను చెప్పినట్టు చేయండి.

ఊళ్ళో ఒక కాఫీ హోటల్ ఉంది. పేరు మీ తాత రాయలేదు, "మన కాఫీ హోటల్" అనే రాసేవారు. అందులో మూడో కిటికీ దగ్గరి బల్ల మీదే కూర్చోవాలి. అక్కడి నుంచి గుట్ట మీద కోట కనబడుతుంది, టోలీచౌకి నుంచి గోల్కొండను చూసినట్టు. కాఫీతో పాటు చిన్న గ్లాసులో నీళ్ళు ఇస్తారు. అడగకుండానే ఇస్తారు, అడిగి పరువు తీయకు.

సంగీత నాటకశాలలో ఖరీదైన సీట్లు కొనేవాళ్ళకు ఏమీ తెలియదని అర్థం. నిలబడే టికెట్టు తీసుకుని, ముందు కమ్మీకి దస్తీ కట్టి, బయటికి వెళ్ళి హాయిగా తిని రావచ్చు. ఆ చోటు ఇక ఎవరూ తీసుకోరు. మనం సిటీ బస్సు కిటికీలోంచి సీటు మీద దస్తీ వేస్తామే, అదే పద్ధతి. అంత దూరాన కూడా మన మర్యాదే ఉందని మీ తాత ఏడో ఉత్తరంలో మురిసిపోయారు.

పెద్ద రంగులరాట్నం ఎక్కండి. దానికి ముప్పై డబ్బాలు. లెక్కపెట్టి నాకు రాయి.

ఇట్లు,
యశోద, విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు (నీకు అమ్మమ్మ)

తా.క. మీ తాతవి రెండు నీలిగళ్ళ దస్తీలు కవర్లో పెట్టాను. వెళ్ళేవి రెండు. వచ్చేవీ రెండు.

*

మలక్‌పేట,
సెప్టెంబరు 18

అమ్మమ్మకు ప్రీతి, నందు దండాలు.

నీ ఉత్తరం, దస్తీలు అందాయి. నందు మొత్తం చదివి, "గిది ఉత్తరమా, హాల్ టికెట్టా?" అన్నాడు. పట్టించుకోకు. నువ్వు ఏడో తరగతిలో అతని చేత ఎక్కాలు అప్పజెప్పించుకోలేదు కాబట్టి కొంచెం ధైర్యంగా మాట్లాడతాడు.

మా కంపెనీవాళ్ళు కూడా చిట్కాల పుస్తకం ఒకటి ఇచ్చారు అమ్మమ్మా. మెత్తటి కాగితం, అత్తరు వాసన. విమానం దిగగానే పేరు రాసిన బోర్డుతో కారు వస్తుందట. హోటల్లో దిండ్లకు కూడా మెనూ ఉందట! ఏడు రకాలు. అందులో ఒకటి ధాన్యం పొట్టుతో చేసినది. నందు అది చూసి, "మా తాత పశువుల కొట్టంల గిదే ఏసుకొని పండేటోడు. ఆయనకు ఎన్ని స్టార్లు ఇయ్యాలె?" అని అడిగాడు.

నాటకశాలకు వాళ్ళే బాక్సు సీట్లు తీశారు. నిలబడే పని లేదు. అయినా నీ మాట కోసం దస్తీ తీసుకెళ్తాం. ఉత్తరాలు మాత్రం కష్టం అమ్మమ్మా, నేను తిరిగి వచ్చాక గానీ అవి రావు. వాట్సాప్‌లో పెడతాలే.

నీ ప్రీతి

తా.క. దిండ్లలో ఏది తీసుకోమంటావు? తాత ఏ ఉత్తరంలోనైనా రాశాడా?

*

ఛత్రినాక,
సెప్టెంబరు 23

ప్రీతికి ఆశీస్సులు, నందుకు కూడా.

దిండు గురించి మీ తాత రాయలేదు. తల ఉన్నవాళ్ళకు ఏ దిండైనా ఒకటే.

ఉత్తరాల విషయంలో ఇలా చేద్దాం. నువ్వు చేత్తో రాసి, ఫోటో తీసి నీలమ్మ ఫోన్‌కు పంపు. నా జవాబును నీలమ్మ ఫోటో తీసి నీకు పంపుతుంది. ఆమె ఒప్పుకుంది, కానీ నా అక్షరాలు చూసి "టీచరమ్మా, గింత ఉత్తరం సదివే యాల్లకు వాళ్ళ యాత్ర ఒడుస్తది" అంది. వాళ్ళు చదువుతారులే అన్నాను.

ఫోటో పంపినంత మాత్రాన అసలు ఉత్తరం పంపకపోతే ఒప్పుకోను. రాసిన రోజే పోస్టు చేయాలి. రోడ్డు మీది డబ్బాలో పడేయడం కాదు. పోస్టాఫీసు లోపలికి వెళ్ళి కౌంటర్ దగ్గర ఇచ్చి, నీ కళ్ళ ముందే ముద్ర వేయించు. మసకగా పడితే మళ్ళీ వేయించు. మీ తాతకూ ఇదే చెప్పి పంపాను. ఆయన ఇరవై ఐదింటి మీదా ముద్ర అద్దంలా ఉంటుంది.

ఈ ఒక్కటి తప్పకుండా చేస్తే మిగతా తప్పులు చూసీ చూడనట్టు ఉంటాను.

యశోద

తా.క. అల్లం పచ్చడి సీసా మూత గట్టిగా బిగించు. మీ తాత సూట్‌కేసులో కారితే రెండో ఉత్తరం నిండా అదే రాశారు.

*

వియన్నా,
అక్టోబరు 8

అమ్మమ్మకు వియన్నా నుంచి దండాలు.

నీ పేరు ఇక్కడ మోగిపోతున్నది. హోటల్లో మనకు కావలసినవన్నీ చూసిపెట్టే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, తెల్ల గ్లౌజులు, తెల్ల మీసాలు. నీలమ్మ ఫోటో తీసి పంపిన నీ చిన్న చీటీని నా ఫోన్‌లో చూసి, ఆయన ప్రింటు తీయించి వెండి పళ్ళెంలో పెట్టుకొని మా గదికి తెచ్చాడు. అందులో నువ్వు రాసింది "బనియన్లు మరిచిపోలేదు కదా" అని. నీలమ్మ బొటనవేలు కూడా ప్రింటులో పడింది.

నాటకశాలలో మాత్రం ఆగమైంది. మా బాక్సుకు ముందు మఖ్మల్ కమ్మీ ఉంది. "అమ్మమ్మ ఆర్డర్" అని నందు దానికి దస్తీ కట్టాడు. కమ్మీ లావు, దస్తీ పొట్టి. రెండో పాట మధ్యలో ముడి ఊడి తిన్నగా కింద కూర్చున్న ఒక ముసలావిడ జడముడి మీద పడింది. ఆవిడ పైకి చూసింది. నందు కప్పు వైపు చూశాడు. విరామంలో ఒక మనిషి దస్తీని మడిచి పళ్ళెంలో తెచ్చి ఇచ్చాడు. నందు అతనితో, "సారీ భాయ్, సీట్ రిజర్వేషన్" అన్నాడు.

ఇక కాఫీ హోటల్. నాలుగు చూశాం. నీళ్ళ గ్లాసు అన్నిచోట్లా ఇచ్చారు. మూడో కిటికీలు కూడా ఉన్నాయి. గుట్టా కోటా ఎక్కడా లేవు. మీసాల పెద్దమనిషిని అడిగితే, ఊరి మధ్యలో ఏ కాఫీ హోటల్ కిటికీలోంచీ అలాంటిది కనబడదని గట్టిగా చెప్పాడు.

రంగులరాట్నం ఎక్కాం. అమ్మమ్మా, దానికి పదిహేనే డబ్బాలు. టికెట్లిచ్చే అతన్ని అడిగాను. యుద్ధంలో కాలిపోయాక మళ్ళీ కట్టినప్పుడు సగం తగ్గించారట, 1947 నుంచీ పదిహేనే అన్నాడు. మరి తాత 1983లో ముప్పై అని ఎలా రాశాడు?

నీ ప్రీతి

తా.క. ఈ ముక్క పోస్టాఫీసు కౌంటర్ దగ్గరే రాస్తున్నాను. కవరు మీద ముద్ర మళ్ళీ వేయమంటే కౌంటర్‌లో ఆమె నన్ను ఒకలా చూసింది.

*

ఛత్రినాక,
అక్టోబరు 9

ప్రీతికి ఆశీస్సులు.

మీ తాత కొలిమిలో ఇటుకలు లెక్కపెట్టి జీతం తీసుకున్న మనిషి. ఆయన ముప్పై అంటే ముప్పై. చక్రం తిరుగుతూ ఉంటుంది. మీరు సగం లెక్కపెట్టేసరికి మిగతా సగం పైకి పోయి ఉంటుంది. నందు కింద నిలబడి, నువ్వు పైన కూర్చొని మళ్ళీ లెక్కపెట్టండి.

కాఫీ హోటల్ లేకపోవడమేమిటి? ఇరవై ఐదింటిలో పంతొమ్మిది ఉత్తరాల్లో ఆ కిటికీ ఉంది. నాలుగు చూసి మానేస్తే ఎలా? వెళ్ళింది హోటల్లో దిండ్లు లెక్కపెట్టడానికా? మీ తాత ఫోటో ఒకటి నీ దగ్గర ఉంది కదా, అక్కడి తోటి పనివాళ్ళతో దిగినది. అది ఆ మీసాలాయనకు చూపించు.

నాకు స్పష్టమైన జవాబు కావాలి. ఆ కిటికీ దొరికేదాకా ఇంకెక్కడికీ వెళ్ళకండి.

యశోద

తా.క. నీలమ్మ నీ ఉత్తరం చదివించుకుని, "ముప్పై అనరాదా పిల్లా, టీచరమ్మ పాణం సల్లగుంటది" అంది. అబద్ధాలు రాయించే అలవాటు నాకు లేదని చెప్పాను.

*

వియన్నా,
అక్టోబరు 11

అమ్మమ్మకు ప్రీతి, నందు దండాలు.

మన్నించు, తప్పు మాదే. మళ్ళీ వెళ్ళి లెక్కపెట్టాం. ముప్పై డబ్బాలు ఉన్నాయి. నందు కింద నుంచి, నేను పై నుంచి లెక్కపెట్టాం. ఇద్దరికీ ముప్పై వచ్చాయి. ఆ టికెట్ల అతను కొత్తవాడట.

కాఫీ హోటల్ కూడా దొరికింది! ఊరి మధ్యలోనే ఉంది. ఈ ఉత్తరం ఆ మూడో కిటికీ దగ్గరి బల్ల మీదే రాస్తున్నాను. ఎదురుగా గుట్ట, గుట్ట మీద కోట. తాత చెప్పినట్టే అచ్చం గోల్కొండ, కింద బిర్యానీ పొట్లాలు లేవు అంతే. కాఫీతో పాటు నీళ్ళు ఇచ్చారు. అడగలేదు. తాత రాసినవన్నీ అక్షరాలా నిజం. నువ్వు ఏమీ మనసులో పెట్టుకోకు. వియన్నా దాటి మేము ఎక్కడికీ వెళ్ళలేదు.

నీ ప్రీతి

తా.క. దీనితో పంపిన మా ఫోటోలో నందు ముఖం అలా ఉందేమిటని అడగకు. చలి.

*

ఛత్రినాక,
అక్టోబరు 30

ప్రీతికి,

నీ పదకొండో తేదీ ఉత్తరం అసలు ప్రతి ఈ ఉదయం అందింది. ముద్ర చాలా బాగా పడింది, మెచ్చుకుంటున్నాను. అందులో వియన్నా అని లేదు. కాప్ఫెన్‌బర్గ్ అని ఉంది. అట్లాసు తీసి చూశాను. వియన్నా నుంచి రైలులో రెండు గంటల పైచిలుకు.

వియన్నాలో బల్ల మీద రాసిన ఉత్తరాన్ని అదే రోజు ఇంకో ఊళ్ళో ఎందుకు పోస్టు చేశావో సంజాయిషీ రాయి. ఒక పేజీ దాటకూడదు. ఫోన్ చేయకు, ఎత్తను.

యశోద

తా.క. తిరిగి వచ్చి నాకు దస్తీ ఒకటే ఇచ్చావు. రెండోది ఉతకడానికి వేశానన్నావు. రెండు వారాలు నానే దస్తీ నేనెక్కడా చూడలేదు.

*

మలక్‌పేట,
నవంబరు 2

అమ్మమ్మకు ప్రీతి సాష్టాంగ దండాలు.

నీ కార్డు చూసి నందు, "నేను జెప్పలే? డబ్బల ఏసి రావాల్సింది. నువ్వు కౌంటర్ కాడికి పోతివి, రెండుసార్లు ముద్ర గుద్దిపిస్తివి" అని తల పట్టుకున్నాడు. ఏం చేయను, రాసిన రోజే కౌంటర్ దగ్గర వేయమన్నావు. ఆ రోజు మేము ఉన్న ఊరు అది. నువ్వు చెప్పింది తప్పడం నాకు చేత కాలేదు, అబద్ధం మాత్రం చేతనైంది.

తాత ఫోటో మీసాలాయనకు చూపించాను. ఆయన తాతను చూడలేదు, తాత వెనక పొగగొట్టాలను, గుట్టను చూశాడు. "ఇది వియన్నా కాదు. మా అక్క ఉండే ఊరు, ఉక్కు ఊరు" అన్నాడు. ఆ రోజు మాకు కంపెనీ వాళ్ళు ఏర్పాటు చేసిన పడవ విందు ఉంది. "మందిని వెండి గిన్నెల్ల తిననిచ్చి మనం ఇనుప ఫ్యాక్టరీ చూడవోతున్నమా?" అని నందు రైలంతా గొణిగాడు.

తాత ఉన్న పనివాళ్ళ హాస్టల్ ఇప్పుడు లేదు. కాఫీ హోటల్ ఉంది. మూడో కిటికీ ఉంది, కోట ఉంది. హోటలావిడకు అప్పుడు పదిహేనేళ్ళట. తాతను ఫోటోలో వెంటనే గుర్తుపట్టింది. ప్రతి ఆదివారం ఆ బల్ల దగ్గర ఒక ఎర్రట్ట పుస్తకం తెరిచి పెట్టుకుని, పొద్దు పోయేదాకా చూసి చూసి రాసేవాడట. వియన్నాకు వెళ్ళవచ్చు కదా అని వాళ్ళమ్మ ఒకసారి అడిగితే, సెలవు ఒక్క ఆదివారమే, ఉత్తరం తప్పితే ఊరుకోరు అన్నాడట. తప్పులుంటే మా ఇంట్లో ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపుతారని కూడా చెప్పాడట. తాత వియన్నాను చూసింది దిగిన రోజు, ఎక్కిన రోజు. అంతే అమ్మమ్మా.

అక్కడ కూర్చున్నప్పుడు నందు గొణగడం ఆపేశాడు. కాఫీ కప్పు పక్కకు జరిపి, "అమ్మమ్మకు జెప్పకు" అన్నాడు. నాకూ అదే అనిపించింది. నా మూలంగా ఆ ఉత్తరాలు తీగ మీద నుంచి దిగకూడదనుకున్నాను. అందుకే ముప్పై అని రాశాను. తాత మీద కోపం తెచ్చుకోకు. నా మీద ఎంతైనా తెచ్చుకో.

నీ ప్రీతి

తా.క. రెండో దస్తీ ఆ కిటికీ గొళ్ళేనికి కట్టి వచ్చాను. ఎందుకో తెలియదు. ఉతకడానికి వేశానన్నది కూడా అబద్ధమే.

తా.క. పేజీన్నర అయింది.

*

ఛత్రినాక,
నవంబరు 6

చిరంజీవి ప్రీతికి అమ్మమ్మ ఆశీస్సులు, రెండింతలు.

నీ సంజాయిషీ అందింది. అక్షర దోషాలు మూడు. వదిలేస్తున్నాను.

ఇప్పుడు నా సంజాయిషీ విను. ఆ ఎర్రట్ట పుస్తకం ఆయన పెట్టెలో పెట్టింది నేను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది, యుద్ధానికి ముందు అచ్చయిన వియన్నా గైడు. నేను చదవకుండా ఏ పుస్తకమూ ఈ గడప దాటలేదు. అందులో రంగులరాట్నానికి ముప్పై డబ్బాలే. ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పినదాన్ని. కాపీ కొట్టినవాడు తప్పుతో సహా కొడతాడని నాకు తెలియదా? మొదటి ఉత్తరం విప్పకముందే ముద్ర మీద ఊరి పేరు చదివాను. విప్పాక పేజీ నంబరు కూడా చెప్పగలిగాను.

అయినా అడగలేదు. ఎందుకంటే అప్పుడు నేనూ అదే పని చేస్తున్నాను. ఆ ఆగస్టు వానలకు మన వెనక గది కప్పు కూలింది. నాకు టైఫాయిడ్ వచ్చి, రెండు నెలలు సెలవు పెట్టి పిల్లలతో జనగామలో మా అమ్మ దగ్గర పడి ఉన్నాను. ఆయనకు మాత్రం "ఛత్రినాకలో అంతా క్షేమం, రోజూ బడికి వెళ్తున్నాను, కప్పు చుక్క కారడం లేదు" అని రాశాను. నా నియమం ప్రకారం ప్రతిదీ కౌంటర్ దగ్గరే ఇచ్చాను. తొమ్మిది ఉత్తరాల మీద జనగామ ముద్ర, స్పష్టంగా.

ఆయన తిరిగి వచ్చిన రోజు వెనక గదిలోకి వెళ్ళి కొత్త రేకుల వైపు చాలాసేపు చూశారు. "మంచిగున్నయి" అన్నారు. నేను పెట్టె సర్దుతూ ఎర్ర పుస్తకం తీసి దులిపాను. "పనికొచ్చిందా?" అన్నాను. "జర" అన్నారు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు కాపురం చేశాం. ఆయన జనగామ గురించి అడగలేదు, నేను కాప్ఫెన్‌బర్గ్ గురించి అడగలేదు.

అయితే ఇరవై ఐదు ఉత్తరాల్లో ఊరి గురించి రాసినవాటిలో పుస్తకంలో లేనిది ఒక్కటి ఉంది. ఆ కిటికీ, గుట్ట మీద కోట. అది ఎక్కడి నుంచీ చూసి రాసింది కాదు, తల ఎత్తి చూసి రాసింది. దాన్ని ఎవరైనా వెళ్ళి చూడాలని నలభై ఏళ్ళుగా అనుకుంటున్నాను. వెతికి రమ్మంటే మీరు దిండ్ల మధ్య పడుకునేవారు. చిట్కా అని చెప్పి పంపాను. రంగులరాట్నం మళ్ళీ లెక్కపెట్టమన్నది నువ్వు నీ లెక్క మీద నిలబడతావో లేదో చూడటానికి. నిలబడలేదు. మీ తాత మనవరాలివి.

ఉత్తరాలు తీగ మీదే ఉన్నాయి. నీ పదకొండో తేదీది వాటి పైన గుచ్చాను. ఇరవై ఆరు.

దస్తీ విషయంలో నీ మీద కోపం లేదు. ఒకటి వచ్చింది, ఒకటి అక్కడ ఉంది, రెండూ సరిపోయాయి. ఆ హోటలావిడకు కార్డు రాయి. దాన్ని విప్పవద్దని చెప్పు. దస్తీ వేసిన సీటులో ఎవరూ కూర్చోకూడదు. నాకు డెబ్బై ఎనిమిది, మోకాళ్ళు పనిచేస్తున్నాయి. ఎండలు ముదరకముందే బయల్దేరుదాం. ఐదు నక్షత్రాలు వద్దు, కిటికీ చాలు.

యశోద

తా.క. పాస్‌పోర్టు కోసం స్టూడియోలో ఫోటో దిగాను. నీలమ్మ తన ఫోన్‌తో తీస్తానంది. వద్దన్నాను. ఆమె బొటనవేలికి కూడా వీసా అడుగుతారు.